రుతువిరతి – హార్మోన్ చికిత్స: భయంతో కాదు, వివరం తెలుసుకొని నిర్ణయం

ప్రత్యేక వ్యాసం
(అక్టోబర్ 18 ప్రపంచ రుతువిరతి దినోత్సవం సందర్భంగా)

స్త్రీ జీవితంలో రజస్వల కావడం ఎంత సహజమో నెలసరి శాశ్వతంగా ఆగిపోవడమూ అంతే సహజం. మొదటి దశను కుటుంబం వేడుకగా జరుపుకుంటుంది. రెండవ దశను మాత్రం స్త్రీ ఒంటరిగా, మౌనంగా దాటవలసి వస్తున్నది. ఒంట్లోంచి వేడి ఆవిర్లు రావడం, రాత్రివేళ చెమటలతో నిద్ర చెదరడం, అకారణమైన చిరాకు, కీళ్ల నొప్పులు వంటి బాధలను "వయసు వచ్చింది, ఓర్చుకోవాలి" అన్న మాటతో సరిపెట్టుకునేవారే అధికం. వైద్యుని వద్దకు వెళ్లినవారికి ఒక ప్రశ్న ఎదురవుతుంది: హార్మోన్ల చికిత్స తీసుకోవాలా, వద్దా? ఈ చికిత్స వల్ల క్యాన్సర్ వస్తుందని కొందరు, యౌవనం తిరిగి వస్తుందని మరికొందరు చెప్పే మాటల మధ్య స్త్రీలు సందిగ్ధంలో పడుతున్నారు. ఈ రెండు మాటల్లో ఏదీ పూర్తి సత్యం కాదు. ఈ విషయమై నేడు వైద్యశాస్త్రం నిర్ధారించిన అంశాలను పాత్రికేయులకు, క్షేత్రస్థాయి అధికారులకు తెలియజేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

రుతువిరతి అంటే ఏమిటి?

గర్భం, పాలివ్వడం వంటి ఇతర కారణాలేవీ లేకుండా వరుసగా 12 నెలలపాటు నెలసరి రాకపోతే రుతువిరతి కలిగినట్లుగా వైద్యులు పరిగణిస్తారు. అండాశయాలు ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్లను ఉత్పత్తి చేయడం క్రమంగా తగ్గిపోవడమే దీనికి మూలం. పాశ్చాత్య దేశాల్లో ఇది సగటున 51 ఏళ్ల ప్రాంతంలో సంభవిస్తుండగా, భారతీయ స్త్రీలలో నాలుగైదేళ్లు ముందుగా, అంటే 46, 47 ఏళ్ల ప్రాంతంలోనే వస్తున్నది. 45 ఏళ్లలోపు వస్తే ముందస్తు రుతువిరతి అని, 40 ఏళ్లలోపే అండాశయాలు పనిచేయడం మానివేస్తే అకాల అండాశయ వైఫల్యమని వ్యవహరిస్తారు.

లక్షణాలు అందరిలో ఒకే తీరుగా ఉండవు. కొందరికి ఏ ఇబ్బందీ ఉండదు. మరికొందరికి రోజుకు పదిసార్లు ఆవిర్లు వచ్చి, దైనందిన పనులు కూడా భారమవుతాయి. అమెరికాలో వేలాది మహిళలను ఏళ్ల తరబడి పరిశీలించిన అధ్యయనంలో ఆవిర్ల బాధ సగానికి పైగా మహిళల్లో 7 ఏళ్లకు మించి కొనసాగినట్లు వెల్లడయింది. కనుక "ఆరునెలలు ఓపిక పడితే అదే పోతుంది" అన్న సలహా అందరికీ వర్తించదు. యోని పొడిబారడం, మూత్రంలో మంట, తరచు మూత్రనాళ ఇన్‌ఫెక్షన్లు రావడం వంటివి కాలంతోపాటు తగ్గకపోగా పెరిగే అవకాశం ఉంది. ఎముకలు గుల్లబారడం కూడా ఈ దశలోనే వేగం పుంజుకుంటుంది.

చికిత్సలో ఇచ్చేదేమిటి?

శరీరంలో తగ్గిపోయిన ఈస్ట్రోజన్‌ను తగు మోతాదులో బయటినుంచి అందించడమే హార్మోన్ చికిత్స. హార్మోన్ రీప్లేస్‌మెంట్ థెరపీ, క్లుప్తంగా హెచ్.ఆర్.టి. అన్న పేరుతో ఇది ప్రచారంలో ఉంది. గర్భసంచి ఉన్న స్త్రీకి ఈస్ట్రోజన్ ఒక్కటే ఇస్తే గర్భాశయ లోపొర అతిగా పెరిగి క్యాన్సర్‌కు దారితీసే ప్రమాదం ఉందని 1975లోనే తేలింది. అందువల్ల వారికి ఈస్ట్రోజన్‌తోపాటు ప్రొజెస్టిరాన్ జాతి హార్మోన్‌ను తప్పనిసరిగా జోడిస్తారు. గర్భసంచి తొలగించినవారికి సాధారణంగా ఈస్ట్రోజన్ ఒక్కటే సరిపోతుంది. ఈ తేడాను గుర్తుంచుకోవడం ముఖ్యం. లాభనష్టాల లెక్క ఈ రెండు వర్గాలకూ ఒకటి కాదు.

ఈ మందులు మాత్రలుగా, చర్మంపై అంటించే పట్టీలుగా, పూసుకునే జెల్‌గా లభిస్తాయి. మాత్ర కాలేయం గుండా వెళుతుంది కాబట్టి రక్తం గడ్డకట్టే స్వభావాన్ని కొంత పెంచుతుంది. చర్మం ద్వారా వెళ్లే ఈస్ట్రోజన్‌లో ఈ ప్రమాదం తక్కువని అధ్యయనాలు సూచిస్తున్నాయి. ఇబ్బంది యోని, మూత్రనాళాలకే పరిమితమైతే, ఆ భాగంలో మాత్రమే వాడే స్వల్ప మోతాదు ఈస్ట్రోజన్ క్రీమ్ చాలు. అది రక్తంలోకి చేరేది అత్యల్పం.

ఆవిర్లకు, రాత్రి చెమటలకు ఇంతకన్నా సమర్థమైన చికిత్స మరొకటి లేదు. పలు పరిశోధనలను క్రోడీకరించి 2004లో వెలువడిన సమీక్ష ప్రకారం, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారితో పోల్చినప్పుడు హార్మోన్లు వాడినవారిలో ఆవిర్ల సంఖ్య సుమారు 75 శాతం తగ్గింది. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో సైతం ఆవిర్లు కాలక్రమేణా సగానికి పైగా తగ్గడం అదే సమీక్షలోని మరో విశేషం. ఏ మందునైనా "అద్భుతంగా పనిచేసింది" అని చెప్పే ప్రకటనలను ఈ దృష్టితో పరిశీలించవలసి ఉంటుంది.

2002లో ఏం జరిగింది?

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల ఆధ్వర్యంలో జరిగిన విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే బృహత్ పరిశోధనలో, గర్భసంచి ఉన్న 16,608 మంది స్త్రీలకు ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ కలిపిన మాత్రను గాని, ఉత్తుత్తి మాత్రను గాని ఇచ్చి పరిశీలించారు. రుతువిరతి తరువాత హార్మోన్లు వాడితే గుండెజబ్బులు రావన్న నమ్మకం అప్పట్లో బలంగా ఉండేది. దాని నిజానిజాలను తేల్చడమే ఈ పరిశోధన ప్రధాన లక్ష్యం. నష్టం లాభాన్ని మించుతున్నదని గుర్తించి 2002 జులైలో ఈ భాగాన్ని గడువుకు ముందే నిలిపివేశారు. ఈ వార్త ప్రపంచవ్యాప్తంగా సంచలనం సృష్టించింది. లక్షలాది మంది స్త్రీలు వైద్యుని సంప్రదించకుండానే మందులు మానివేశారు. వైద్యులు సైతం ఈ చికిత్స సూచించడానికి వెనుకాడసాగారు.

ఆ పరిశోధన ఫలితాలు అబద్ధం కావు. అయితే వాటిని అర్థం చేసుకున్న తీరులో రెండు లోపాలు చోటుచేసుకున్నాయి. అందులో పాల్గొన్నవారి వయసు 50 నుంచి 79 ఏళ్లు, సగటు వయసు 63 ఏళ్లు. అంటే అత్యధికులు రుతువిరతి దాటి ఎన్నో ఏళ్లయినవారు. ఆవిర్ల బాధతో 48 ఏళ్లకు వైద్యుని వద్దకు వచ్చే స్త్రీకి ఆ ఫలితాలను యథాతథంగా వర్తింపజేయడం మొదటి లోపం. అంకెలను శీర్షికలుగా మార్చిన విధానం రెండవది.

అంకెల వెనుక వాస్తవం

రొమ్ము క్యాన్సర్ ముప్పు 26 శాతం పెరిగిందని అప్పట్లో పత్రికలు ప్రముఖంగా ప్రచురించాయి. చదివినవారిలో చాలామందికి, మందు వాడిన ప్రతి నలుగురిలో ఒకరికి క్యాన్సర్ వస్తుందన్న భావన కలిగింది. వాస్తవంలో, ఏడాది కాలంలో ప్రతి 10,000 మందికి ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 30 మందికి, హార్మోన్లు తీసుకున్నవారిలో 38 మందికి రొమ్ము క్యాన్సర్ వచ్చింది. 30 నుంచి 38కి పెరగడాన్నే శాతాల్లో 26గా చెప్పారు. అదనంగా వచ్చినవి 10,000కు 8 కేసులు.

అదే లెక్కన పక్షవాతం కేసులు 8, ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డలు 8, గుండెజబ్బు కేసులు 7 చొప్పున అదనంగా నమోదయ్యాయి. మరోవంక తుంటి ఎముక విరగడం 5, పెద్దపేగు క్యాన్సర్ 6 చొప్పున తగ్గాయి. ఈ అంకెలు ఒక్క వ్యక్తి విషయంలో స్వల్పమే. కానీ కోట్లాది మంది వాడే మందు విషయంలో సమాజం పరంగా ఇవి స్వల్పం కావు. వ్యాధి నివారణ కోసం ఆరోగ్యవంతులైన స్త్రీలందరికీ హార్మోన్లు ఇవ్వరాదన్న నిర్ణయం అందుకే సబబైనది. అమెరికా నివారక సేవల కార్యదళం 2022లో కూడా ఇదే అభిప్రాయాన్ని పునరుద్ఘాటించింది. బాధ ఉన్నవారికి చికిత్స చేయడం వేరు, బాధ లేనివారికి రాబోయే జబ్బుల నివారణకని మందు ఇవ్వడం వేరు.

గర్భసంచి తొలగించిన 10,739 మందికి ఈస్ట్రోజన్ మాత్రమే ఇచ్చిన రెండవ భాగాన్ని పక్షవాతం ముప్పు కారణంగా 2004లో నిలిపివేశారు. అయితే వీరిలో రొమ్ము క్యాన్సర్ పెరగలేదు. సుమారు 20 ఏళ్ల పరిశీలన అనంతరం 2020లో వెలువడిన ఫలితాల్లో, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారి కన్నా వీరిలోనే రొమ్ము క్యాన్సర్ తక్కువగా కనిపించింది. ఇరు భాగాల్లోని వారినీ 18 ఏళ్లపాటు పరిశీలించి 2017లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, హార్మోన్లు వాడినందువల్ల మొత్తం మరణాలు పెరగలేదు.

ఇంతమాత్రాన ముప్పు లేదనుకోవడం పొరపాటు. అనేక దేశాల అధ్యయనాలను క్రోడీకరించి 2019లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించిన విశ్లేషణ మరో కోణాన్ని చూపుతుంది. 50వ ఏట మొదలుపెట్టి 5 ఏళ్లపాటు రెండు హార్మోన్లనూ ప్రతిదినం వాడితే, 20 ఏళ్ల కాలంలో ప్రతి 50 మంది వాడకందార్లలో ఒకరికి అదనంగా రొమ్ము క్యాన్సర్ రావచ్చని ఆ విశ్లేషణ అంచనా. ఈస్ట్రోజన్ ఒక్కటే వాడినవారిలో ఇది 200 మందికి ఒకరు. ఇవి పాశ్చాత్య స్త్రీల లెక్కలు. మన దేశంలో రొమ్ము క్యాన్సర్ రేటు అక్కడి కన్నా తక్కువ. అయినా ఇక్కడ వ్యాధి ఆలస్యంగా బయటపడుతున్నది కాబట్టి జాగ్రత్త అవసరం తగ్గదు.

మొదలుపెట్టే వయసే కీలకం

తదుపరి పరిశోధనల సారాంశాన్ని అంతర్జాతీయ వైద్య సంఘాలు దాదాపు ఏకాభిప్రాయంతో ఇలా చెబుతున్నాయి: 60 ఏళ్లలోపు వయసు ఉండి, రుతువిరతి కలిగి 10 ఏళ్లు దాటకుండా, చికిత్సకు ఆటంకమయ్యే జబ్బులు లేని స్త్రీకి ఆవిర్ల బాధ తీవ్రంగా ఉంటే, హార్మోన్ చికిత్స వల్ల కలిగే లాభం నష్టం కన్నా ఎక్కువ. ఆ గడువు దాటిన తరువాత కొత్తగా ఆరంభిస్తే గుండెజబ్బు, పక్షవాతం, రక్తపు గడ్డలు, మతిమరుపు వ్యాధి ముప్పు పెరుగుతుంది. ఉత్తర అమెరికా మెనోపాజ్ సొసైటీ 2022లో వెలువరించిన ప్రకటన సారాంశం ఇదే. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2025 నవంబరులో, ఈ మందుల లేబుళ్లలో గుండెజబ్బులు, రొమ్ము క్యాన్సర్, మతిమరుపుల గురించి రెండు దశాబ్దాలుగా ఉన్న ప్రత్యేక హెచ్చరికను తొలగించాలని నిర్ణయించింది. గర్భసంచి ఉన్నవారు ఈస్ట్రోజన్ ఒక్కటే వాడరాదన్న హెచ్చరికను మాత్రం కొనసాగించింది. లేబుల్‌లో హెచ్చరిక తొలగినంత మాత్రాన వైద్యుని పరీక్ష అవసరం తొలగినట్లు కాదన్నది గమనార్హం.

తెలుగు రాష్ట్రాల ప్రత్యేక సమస్య

ఈ అంశం మనకు మరింత ముఖ్యం కావడానికి ఒక బలమైన కారణం ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మధ్య మహిళల్లో గర్భసంచి తొలగింపు శస్త్రచికిత్స చేయించుకున్నవారు దేశం మొత్తం మీద సుమారు 3 శాతం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో వీరు 8 నుంచి 9 శాతం వరకు ఉన్నారు. దేశంలో ఈ రెండు రాష్ట్రాలే ముందు వరుసలో ఉండటం ఆందోళన కలిగించే అంశం. వీరిలో గణనీయమైన భాగం 40 ఏళ్లు నిండకముందే ఈ ఆపరేషన్ చేయించుకున్న గ్రామీణ మహిళలు. అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను అరికట్టేందుకు కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను అమలుపరచవలసిందిగా సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో అన్ని రాష్ట్రాలను ఆదేశించింది.

ఆపరేషన్ సమయంలో గర్భసంచితోపాటు రెండు అండాశయాలను కూడా తొలగిస్తే రుతువిరతి క్రమంగా రాదు, ఒక్కరోజులో వస్తుంది. లక్షణాలు తీవ్రంగా ఉంటాయి. 35 ఏళ్లకే ఈస్ట్రోజన్ కోల్పోయిన స్త్రీకి ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు వంటి ముప్పులు అకాలంలో చుట్టుముడతాయి. అండాశయాలు ఉంచినా, గర్భసంచి తొలగించినవారిలో అవి కొంత ముందుగానే పనిచేయడం మానవచ్చు. నెలసరి ఎటూ ఉండదు కాబట్టి ఆ మార్పు ఎప్పుడు వచ్చిందో ఆమెకు తెలియదు.

ఇక్కడ ఒక విపర్యాసం ఉంది. పెద్ద వయసు స్త్రీల పరిశోధన నుంచి పుట్టిన భయం, దానితో సంబంధం లేని ఈ యువతులకు కూడా చికిత్సను దూరం చేస్తున్నది. 40 ఏళ్లలోపు అండాశయాలు కోల్పోయినవారికి, వేరే ఆటంకాలు లేకపోతే, సహజ రుతువిరతి వయసు వచ్చేవరకైనా హార్మోన్ చికిత్స ఇవ్వాలన్నది వైద్య సంఘాల స్పష్టమైన సిఫారసు. వీరికి ఇది అదనంగా ఇచ్చే మందు కాదు. ఆ వయసులో శరీరంలో ఉండవలసిన దాన్ని తిరిగి భర్తీ చేయడమే. గర్భసంచి లేనందున వీరిలో అధికులకు ఈస్ట్రోజన్ ఒక్కటే చాలు. ఎండోమెట్రియోసిస్ వంటి వ్యాధి ఉండి ఆపరేషన్ జరిగినవారి విషయంలో మాత్రం వైద్యులు వేరుగా ఆలోచించవలసి ఉంటుంది.

ఎవరికి తగదు?

రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు, ఈస్ట్రోజన్‌తో పెరిగే ఇతర క్యాన్సర్లు ఉన్నవారు, గుండెపోటు లేదా పక్షవాతం వచ్చినవారు, కాళ్లలో గాని ఊపిరితిత్తుల్లో గాని రక్తపు గడ్డలు ఏర్పడినవారు, కాలేయ వ్యాధి తీవ్రంగా ఉన్నవారు సాధారణంగా ఈ చికిత్సకు అర్హులు కారు. కారణం తెలియని రక్తస్రావం ఉంటే ముందుగా దాని మూలం కనుగొనాలి. నెలసరి ఆగి ఏడాది దాటిన తరువాత ఒక్క చుక్క రక్తం కనిపించినా అది గర్భాశయ క్యాన్సర్‌కు సూచన కావచ్చు. వెంటనే పరీక్ష చేయించుకోవడం అత్యవసరం. అధిక రక్తపోటు, మధుమేహం ఉన్నంత మాత్రాన చికిత్స నిషిద్ధం కాదు. వాటిని అదుపులోకి తెచ్చి, తగిన మందు, మార్గం ఎంచుకోవలసి ఉంటుంది.

వైద్యుని ముందు ఉంచవలసిన ప్రశ్నలు

నిర్ణయం స్త్రీది, సలహా వైద్యునిది. ఆ సంభాషణ ఫలవంతం కావాలంటే కొన్ని వివరాలు సిద్ధంగా ఉండాలి. బాధ ఎంత తీవ్రం, నిద్రను, పనిని ఎంతవరకు చెరుపుతున్నది? వయసెంత, నెలసరి ఆగి ఎన్నాళ్లయింది? గర్భసంచి ఉందా, అండాశయాలు ఉన్నాయా? తనకు గాని, తల్లికి, అక్కచెల్లెళ్లకు గాని క్యాన్సర్, రక్తపు గడ్డల చరిత్ర ఉందా? మాత్రకు బదులు పట్టీ, జెల్ వాడవచ్చా? ఎంతకాలానికి ఒకసారి తిరిగి సమీక్షించాలి? ఈ ప్రశ్నలకు జవాబులు దొరికిన తరువాత "వద్దు" అనుకున్నా అది సరైన నిర్ణయమే.

వాడకం మొదలైన తరువాత సుమారు మూడు నెలలకు ఒకసారి, ఆపై ఏటా సమీక్ష జరగాలి. ఇంతకాలం తరువాత విధిగా ఆపివేయాలన్న గడువేదీ లేదు. రెండు హార్మోన్లూ వాడేవారిలో కాలం పెరిగేకొద్దీ రొమ్ము క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది కాబట్టి కొనసాగింపును ప్రతి ఏటా కొత్తగా తూచుకోవాలి. ఈ మందులు గర్భనిరోధకాలు కావన్నది కూడా మరువరాదు. 50 ఏళ్లు దాటినవారు చివరి నెలసరి తరువాత ఏడాదిపాటు, 50 లోపువారు రెండేళ్లపాటు గర్భనిరోధక జాగ్రత్తలు పాటించాలి. పొరుగింటివారికి పనిచేసిందని అదే మాత్రను వైద్యుని చీటీ లేకుండా మందుల దుకాణంలో కొనడం ప్రమాదకరం.

ఇతర మార్గాలు

హార్మోన్లు వాడలేనివారు, వాడదలచనివారు నిస్సహాయులు కారు. మానసిక కుంగుబాటుకు వాడే కొన్ని మందులు స్వల్ప మోతాదులో ఆవిర్లను తగ్గిస్తాయి. వీటిలో పారాక్సెటిన్‌ను అమెరికా 2013లో ఈ అవసరానికి ఆమోదించింది. అయితే టామాక్సిఫెన్ వాడుతున్న రొమ్ము క్యాన్సర్ రోగులకు ఇది తగదు. మెదడులోని ఉష్ణ నియంత్రణ కేంద్రంపై పనిచేసే ఫెజోలినెటాంట్ అనే హార్మోనేతర ఔషధానికి 2023లో అక్కడ ఆమోదం లభించింది. దీన్ని వాడేవారు కాలేయ పరీక్షలు చేయించుకోవాలి. ఆలోచనా సరళిని సరిదిద్దే కౌన్సెలింగ్ కూడా ఉపకరిస్తుందని రుజువైంది. సోయా, మూలికల విషయంలో ఆధారాలు నిలకడగా లేవు. సహజమైనవన్న పేరుతో అమ్మేవన్నీ నిరపాయకరం కావు.

రాగులు, పాలు, పెరుగు, ఆకుకూరలు, నువ్వులు వంటి కాల్షియం గల ఆహారం, ఒంటికి ఎండ తగలడం, రోజూ నడక, పొగాకుకు దూరం ఎవరికైనా మేలు చేస్తాయి. ఇవి ఎముకలకు, గుండెకు రక్షణ. తీవ్రమైన ఆవిర్లకు మాత్రం ఇవి చికిత్సకు ప్రత్యామ్నాయం కావు. మనోవ్యాకులత అధికంగా ఉన్నవారు టెలీ మానస్ ఉచిత సేవ 14416 నంబరుకు ఫోన్ చేసి సలహా పొందవచ్చు.

పాత్రికేయుల, అధికారుల బాధ్యత

ఆరోగ్య వార్తలో "ముప్పు ఇంత శాతం పెరిగింది" అని రాసినప్పుడు, ఎంతమందిలో ఎన్ని కేసులు ఎన్నయ్యాయో పక్కనే తెలపడం పాఠకులకు మేలు చేస్తుంది. ఏ వయసువారిపై, ఏ మందుతో పరిశోధన జరిగిందో ఒక్క వాక్యంలో చేర్చినా చాలు. ముప్పును దాచిపెట్టే ప్రచార వార్తల విషయంలోనూ ఇదే కొలమానం వర్తించాలి.

క్షేత్రస్థాయిలో 30 ఏళ్లు దాటినవారికి రక్తపోటు, మధుమేహం, రొమ్ము, నోటి, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలు జాతీయ కార్యక్రమం కింద నిర్వహిస్తున్నారు. ఆ సందర్భంలోనే నెలసరి ఆగిందా, గర్భసంచి ఆపరేషన్ జరిగిందా అని ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు అడిగితే, సహాయం అవసరమైనవారిని గుర్తించడం సులువవుతుంది. గర్భసంచి ఆపరేషన్ చేసిన ప్రతి ఆసుపత్రి, అండాశయాలు తొలగించారో ఉంచారో డిశ్చార్జి పత్రంలో స్పష్టంగా రాసి, రోగికి అర్థమయ్యే తెలుగులో చెప్పడం కనీస ధర్మం. ఆ ఒక్క వాక్యం లేనందువల్ల, తన శరీరంలో ఏముందో ఏది లేదో తెలియని స్త్రీకి పదేళ్ల తరువాత ఏ వైద్యుడూ సరైన సలహా ఇవ్వలేడు.

రుతువిరతి వ్యాధి కాదు. అయితే దానివల్ల కలిగే బాధను నోరు మెదపకుండా భరించవలసిన అవసరమూ లేదు. హార్మోన్ చికిత్స అందరికీ అక్కరలేదు, అందరికీ ప్రమాదమూ కాదు. తన వయసు, తన ఆరోగ్య చరిత్ర, తన బాధ తీవ్రత తెలిసిన స్త్రీ, వైద్యుని సలహాతో తీసుకునే నిర్ణయమే ఆమెకు సరైనది. ఆ నిర్ణయానికి కావలసిన సమాచారాన్ని ఆమె మాటలో, ఆమె ఇంటి ముంగిటకు చేర్చడమే ఈ దినోత్సవం సందర్భంగా పత్రికలు, అధికార యంత్రాంగం చేయగలిగిన ఉపకారం.